కాళ్ళాడుతుండగానే కదలాలి

“ఓపిక ఉన్నన్నాళ్ళు ఇక్కడే ఉంటాం. ఆ తర్వాత పిల్లలు చూసుకుంటారు.” నరసరావుపేటలో గానీ, మాచర్లలో గానీ, గురజాలలో గానీ అరవై దాటిన ఏ దంపతులను కదిలించినా వచ్చే జవాబు ఇదే. పెద్దవయసు వాళ్ళ కోసమే కట్టిన ఇళ్ళు ఉన్నాయి కదా, ముందుగానే ఒకటి చూసుకోరాదా అని అడిగితే ముఖం మారిపోతుంది. “మాకేం ఖర్మ? మాకు పిల్లలు లేరా?” అంటారు. ఈ మాటలో ఆత్మగౌరవం ఉందని మన ప్రాంతమంతా నమ్ముతోంది. నేను నమ్మను. ఈ మాట పట్టుకుని కూర్చున్నందువల్లే ఎందరో పెద్దవాళ్ళు తమ ఆఖరి సంవత్సరాల మీద తమకున్న పెత్తనాన్ని పోగొట్టుకుంటున్నారు.

పడ్డాక చూద్దాం అనుకున్నవాళ్ళు నిజంగా పడిన రోజున ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. ప్రతి బంధువర్గంలోనూ ఒకరింట్లో జరిగే ఉంటుంది. స్నానాలగదిలో కాలు జారుతుంది, తుంటి ఎముక విరుగుతుంది. మాచర్ల నుంచి గుంటూరు నూరు కిలోమీటర్లకు పైనే. కొడుకు హైదరాబాద్ నుంచి రాత్రికి రాత్రే బయలుదేరి వస్తాడు, అమెరికాలో ఉన్న కూతురు నాలుగు రోజుల సెలవు పెట్టుకుని దిగుతుంది. ఆ నాలుగు రోజుల్లోనే అన్నీ తేలాలి. అమ్మను ఎవరు తీసుకెళ్ళాలి, నాన్న ఎక్కడుండాలి, ఇల్లు అద్దెకివ్వాలా, బర్రెను అమ్మేయాలా? ఆసుపత్రి వరండాలో పిల్లలు, అల్లుళ్ళు, మేనమామలు కలిసి తేల్చేస్తారు. మంచం మీదున్న మనిషిని మాత్రం ఎవరూ అడగరు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళకు వ్యవధి లేదు. ఆ వ్యవధి ఇరవై ఏళ్ళ పాటు మన చేతిలో ఉండింది. మనం వాడుకోలేదు.

ఇంకో సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. వృద్ధాశ్రమం వేరు, నేను చెబుతున్న ఇళ్ళు వేరు. ఇక్కడ ఎవరి వాటా వారిది, ఎవరి తాళం వారిది. వండుకోవాలనిపిస్తే వంటగది ఉంటుంది, వద్దనుకుంటే భోజనశాల ఉంటుంది. మెట్లు ఎక్కే పని లేదు, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలుంటాయి, చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పున తలుపులుంటాయి, రాత్రి రెండు గంటలకు బెల్లు నొక్కితే మనిషి వస్తాడు. కోయంబత్తూరులో ఇవి చాలా ఏళ్ళుగా నడుస్తున్నాయి. హైదరాబాద్ శివార్లలోనూ వచ్చాయి. వీటిని ఎలా కట్టాలో, ఎలా నడపాలో చెబుతూ కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కానీ ఇవి తమ పనులు తాము చేసుకోగలిగిన వాళ్ళ కోసం ఏర్పడ్డ ఇళ్ళు. నడవగలిగి, మతి నిలకడగా ఉన్నప్పుడు చేరిన వాళ్ళు తర్వాత మంచాన పడితే చాలా చోట్ల అక్కడే సాయం ఏర్పాటవుతుంది. మంచం పట్టాక వస్తామంటే ఆ తలుపు తెరుచుకోదు. “ఓపిక ఉన్నన్నాళ్ళు ఇక్కడే” అనేవాళ్ళు తెలియకుండానే ఆ ఒక్క దారినీ మూసేసుకుంటున్నారు.

ఇక సంప్రదాయం అనే వాదన. కన్నవాళ్ళను కొడుకులు చూసుకోవడం మన ఆచారం, దాన్ని కాదనుకుని పరాయిచోట బతకడం మన పద్ధతి కాదు అంటారు. ఆ ఆచారం ఇవాళ మన ఊళ్ళలో ఏ రూపంలో ఉందో చూసే మాట్లాడుతున్నారా? దాని పేరు వంతులు. ఇద్దరు కొడుకులుంటే పెద్దవాడి దగ్గర ఆర్నెల్లు, చిన్నవాడి దగ్గర ఆర్నెల్లు. ముగ్గురుంటే తలా నాలుగు నెలలు. కొన్ని ఇళ్ళలో నాన్న ఒకరి వాటాకు, అమ్మ ఇంకొకరి వాటాకు. యాభై ఏళ్ళు కలిసి కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలు పండక్కో పబ్బానికో ఒకరినొకరు చూసుకుంటారు. వంతు పూర్తయిన రోజున పెట్టె, మందుల సంచి తీసుకుని వాకిట్లో కూర్చుంటారు, రెండోవాడు వచ్చి తీసుకెళ్ళేదాకా. దీన్ని గౌరవం అనీ, భార్యాభర్తలు ఒకే కప్పు కింద తమ డబ్బుతో తాము బతకడాన్ని పరువుతక్కువ అనీ పిలుస్తున్న మన బుద్ధిని ఒకసారి పరీక్షించుకోవాలి. మనుధర్మశాస్త్రం సైతం ఒళ్ళు ముడతలు పడి, జుట్టు నెరిసి, మనవణ్ణి చూసుకున్న గృహస్థు ఇల్లు వదిలి అడవికి బయలుదేరాలంది. మంచం పట్టాక మోసుకెళ్ళమనలేదు. ఆ శాస్త్రంలో నాకు నచ్చనివి ఎన్నో ఉన్నాయి గానీ, సంప్రదాయం పేరు చెప్పేవాళ్ళు ఈ సంగతి దాటవేయకూడదు.

పైగా వంతులకు కూడా ఇద్దరు ముగ్గురు కొడుకులుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. దేశంలో అరవై దాటినవాళ్ళు 2022లో నూటికి పదిన్నర మంది, 2050 నాటికి దాదాపు ఇరవై ఒక్క మంది అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా. ఒక్క కొడుకు, వాడు బెంగుళూరులో, కోడలికీ ఉద్యోగం, అవతల ఆమె తల్లిదండ్రులూ ఒంటరే. నలుగురు ముసలివాళ్ళు, చూసేవాళ్ళు ఇద్దరు. ప్రేమ ఎంత ఉన్నా ఈ లెక్క కుదరదు.

“మన ఇల్లు, మన ఇష్టం” అనే మాట ఎక్కువగా ఎవరి నోటి నుంచి వస్తుందో గమనించారా? మగవాళ్ళ నోటి నుంచి. ఆ ఇంట్లో ఉండిపోవడమంటే ఆయనకు అరుగు మీద పేపరు, సాయంత్రం సెంటర్లో నలుగురితో కబుర్లు. ఆమెకు డెబ్బై రెండేళ్ళ వయసులో, అరిగిపోయిన మోకాళ్ళతో, రెంటచింతల ఎండల్లో కరెంటు పోయిన వంటింట్లో రెండు పూటలా పొయ్యి ముందు నిలబడటం. ఆయనకు షుగరు కాబట్టి వేరే వంట, చుట్టాలొస్తే ఇంకో వంట. మగవాడు రిటైరవుతాడు. ఆమెకు రిటైర్మెంటు లేదు. ఆమెను విడిగా అడిగి చూడండి, ఒక పూట ఎవరైనా వండి పెడితే తిని పడుకోవాలని ఉందంటుంది. చాలా ఇళ్ళలో ఆయన ముందు పోతాడు. ఆ తర్వాత నాలుగు గదుల ఇంట్లో రాత్రిళ్ళు ఒంటరిగా తలుపు గడియ వేసుకునేది ఆమే. కాబట్టి ఈ నిర్ణయం ఆయన ఇష్టాయిష్టాల ముచ్చట కాదు, ఆమె మిగిలిన బతుకు సంగతి. ఆమె మాటే ముందు వినాలి.

ఊరు వదిలితే మనుషులు దూరమవుతారన్న అభ్యంతరం మాత్రం బలమైనది. దాన్ని నేను తోసిపుచ్చను. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊరి ప్రభతో పాటు నడిచిన మనిషిని కోయంబత్తూరులో తెలుగు రాని మనుషుల మధ్య పెడితే ఎండిపోతాడు. హైదరాబాద్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాటులో కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్ళాక కిటికీ దగ్గర కూర్చోబెట్టినా అంతే. అందుకే త్వరగా కదలాలంటున్నాను. నారు ముదిరాక నాటితే నిలదొక్కుకోదని మిర్చి రైతుకు చెప్పాలా? అరవై అయిదేళ్ళ వయసులో వెళ్ళిన మనిషి కొత్త స్నేహాలు చేసుకుంటాడు, ఊరికి వచ్చి పోతూ ఉంటాడు, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ అందుతాడు. ఎనభై రెండేళ్ళకు తీసుకెళ్ళి దింపిన మనిషికి గోడలే మిగులుతాయి.

అసలు మనవాళ్ళు ఎందుకంత దూరం పోవాలి? నరసరావుపేటలో ఆసుపత్రులున్నాయి, రైలుంది, నలుదిక్కులకూ బస్సులున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయింది. ఇలాంటి నలభై ఇళ్ళకు ఇంతకన్నా అనువైన చోటు మన వైపు లేదు. మన ప్రవాసులు ఊరికి ముఖద్వారాలు కట్టిస్తున్నారు, గుళ్ళు, కల్యాణమండపాలు కట్టిస్తున్నారు. ఆ చేత్తోనే తమ తల్లిదండ్రుల తరం హాయిగా బతికే ఇళ్ళు కట్టించడానికి ఎందుకు పూనుకోరు? ధర్మానికి కాదు, అద్దె తీసుకునే ఇవ్వండి. పింఛను అందుకునే టీచర్లు, కౌలు డబ్బులొచ్చే రైతులు ఆ అద్దె కట్టుకోగలరు. రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళ సంగతి వేరు. నెలకు 4,000 రూపాయల పింఛనుతో వాళ్ళు ఇవేవీ చేయలేరు. వాళ్ళ కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి సరిపడే ఆశ్రమాలను 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం ఊహించింది. వాటిని అడిగి సాధించాల్సింది మిగతా మనమే.

ఆస్తి ఉన్నవాళ్ళు చేసే పెద్ద పొరపాటు మరొకటుంది. పెళ్ళిళ్ళవగానే ఉన్న పొలం, ఇల్లు అంతా పిల్లల పేర రిజిస్ట్రేషన్ చేయించేస్తారు. ఇంత నమ్మకం చూపితే అంత ప్రేమ తిరిగొస్తుందనుకుంటారు. ఇలాంటివాళ్ళ కోసం పైన చెప్పిన 2007 చట్టంలోనే 23వ సెక్షన్ ఉంది. మమ్మల్ని పోషించాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, పోషించకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. మన జిల్లాలో నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లిలో ఆర్డీవోలున్నారు. కానీ ఆ షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరి 2న మరో కేసులో ఈ చట్టాన్ని పెద్దవాళ్ళకు మేలు చేసేలా ఉదారంగా చదవాలంటూ ఒక తల్లికి ఆమె ఆస్తిని తిరిగి ఇప్పించింది. ఆ తల్లి అందుకోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. మీరు అంతదూరం వెళ్ళకండి. బతికున్నన్నాళ్ళు ఇల్లూ, కనీసం కౌలు వచ్చే కొంత పొలమూ మీ పేరనే ఉంచుకోండి, మిగతాది వీలునామాలో రాయండి. ఎక్కడైనా ఇల్లు తీసుకునేముందు అమ్మకమా, జీవితకాలపు డిపాజిట్టా, నెల అద్దా, ఒకరు పోతే రెండోవాళ్ళ హక్కేమిటి, నెలవారీ ఖర్చులు ఏటా ఎంత పెంచుతారు, రెరాలో నమోదయిందా అన్నవి కాగితం మీద చూసుకోండి. ఒక నెల అద్దెకుండి చూశాకే సంతకం చేయండి.

వచ్చే సంక్రాంతికి పిల్లలు ఊరికి వస్తారు. కనుమ నాడు భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి మీరే మొదలుపెట్టండి. మాకు ఎక్కడుండాలని ఉంది, దానికి మా దగ్గర ఎంత ఉంది, ఏ ఏడాదికి కదులుతాం అన్నది మీ నోటితో చెప్పండి. ముందు ఆమెను చెప్పనివ్వండి.