పక్కవాద్యం పేరు

ఆకాశవాణిలో కచేరీ అంటే గాయకుడి పేరు వెంటే వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో చెప్పడం ఆనవాయితీ. విజయవాడ కేంద్రం వింటూ పెరిగినవాళ్ళకు అన్నవరపు రామస్వామి పేరు అలాగే చెవిన పడింది. ఈ వయొలిన్ విద్వాంసుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు. అదే గురువు దగ్గర చదువుకున్న బాలమురళీకృష్ణ పక్కన ఎన్నో కచేరీల్లో వాయించారు. 1983లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2021లో పద్మశ్రీ వచ్చాయి. పక్కన కూర్చున్నవాడూ విద్వాంసుడేనని మన సంప్రదాయం ఏనాడో ఒప్పుకుంది.

రాక్ సంగీతంలో ఆ ఒప్పుకోలు అరుదు. అందుకే కార్లోస్ అలోమార్ గురించి చెప్పాలి. 1951లో ప్యూర్టోరికోలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన ఈ గిటారిస్టు 1974లో రాక్ గాయకుడు డేవిడ్ బోయీ దగ్గర చేరాడు. అతను వాయించేది రిథమ్ గిటార్. సోలో వాయించేవాడి మీద దీపం పడుతుంది, రిథమ్ పట్టేవాడి మీద పాట నిలబడుతుంది. 1975లో వచ్చిన ‘ఫేమ్’ అతను మరో పాట కోసం కట్టిన గిటార్ వరస నుంచే పుట్టింది. బోయీ, జాన్ లెనన్‌ల పక్కన రచయితగా అతని పేరూ వేశారు. అమెరికాలో బోయీకి మొదటిస్థానం తెచ్చిన మొదటి పాట అది.

ఆ తర్వాతి కథ నాకు ఇంకా ఇష్టం. లీడ్ గిటారిస్టులు వస్తూ పోతూనే ఉన్నారు: ఎర్ల్ స్లిక్, రాబర్ట్ ఫ్రిప్, ఏడ్రియన్ బెల్యూ. అందరూ ఘనులే. 1976 నుంచి 1980 దాకా వచ్చిన ఆల్బమ్‌లకు మాత్రం అలోమార్, బాస్ మీద జార్జ్ మరే, డ్రమ్స్ మీద డెనిస్ డేవిస్ కలిసి ముందుగా పునాది వేసేవారు. మెరుపులన్నీ దానిమీద తర్వాత చేరినవే. 1983లో వచ్చిన ‘లెట్స్ డాన్స్’ ఆల్బమ్‌లో అలోమార్ లేడు. అయినా ఆ ఏటి ప్రపంచ పర్యటనకు బృందాన్ని నడిపించడానికి మళ్ళీ అతన్నే పిలిచారు. బయల్దేరబోయే ముందు లీడ్ గిటారిస్టు స్టీవీ రే వాన్ తప్పుకుంటే స్లిక్ వచ్చి చేరాడు, పర్యటన సాగిపోయింది. నమ్మకస్తుడంటే ఇలాంటివాడే. ఎదుటివాడి పాటలో తన చోటు ఎంతో ఎరిగి, ఆ చోటును ఏ రాత్రీ ఖాళీగా వదలనివాడు.

మన సినిమా పాటలోనూ ఇలాంటివాళ్ళు ఎందరో. ఇళయరాజా ఒకప్పుడు సలీల్ చౌధురీ దగ్గర గిటార్ వాయించారని అందరికీ తెలుసు, తర్వాత ఆయన సంగీత దర్శకుడయ్యారు కాబట్టి. ఆయన స్వరపరచిన 1982 నాటి తమిళ పాట ‘ఇళయ నిలా’ గిటార్‌ను భాష రానివాళ్ళు కూడా కూనిరాగం తీస్తారు. దాన్ని వాయించిన ఆర్. చంద్రశేఖర్ పేరు ఎంతమంది చెప్పగలరు? చివరిదాకా గిటారిస్టుగానే మిగిలినవాడికి మనం పెట్టిన శిక్ష ఈ మరుపు. ఇది అన్యాయం.

దుఖాన్ పాఠకులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపించింది. 1940లో ఖతర్‌లో తొలిసారి చమురు దొరికిన చోట కొలువు చేస్తున్నవాళ్ళు మీరు. పేరు బయటికి రాని పని విలువ మీకు ఒకరు చెప్పక్కర్లేదు. దోహాలో పాటల కార్యక్రమం ఉందంటే 80 కిలోమీటర్లు కారులో వెళ్ళి, మర్నాటి షిఫ్టుకు అందుకునేలా అర్ధరాత్రి తిరిగొచ్చేవాళ్ళు మీలో ఉంటారు. అలాంటి కార్యక్రమాల పోస్టర్ల మీద గాయకుల ఫొటోలు ఉంటాయి, ముఖ్య అతిథి ఫొటో ఉంటుంది, ప్రాయోజకుల గుర్తులు ఉంటాయి. గిటార్, తబలా, కీబోర్డు వాయించేవాళ్ళంతా కలిసి ‘ఆర్కెస్ట్రా’ అనే ఒక్క మాటలో సర్దుకోవాలి.

తెలుగు సంఘాల నిర్వాహకులకు మా విన్నపం ఇదే. ఈసారి ఉగాదికి పోస్టర్ వేసేటప్పుడు ప్రతి వాద్యకారుడి పేరూ, వాద్యంతో సహా అచ్చువేయండి. మొదటి పాటకు ముందే వ్యాఖ్యాత చేత ఆ పేర్లు చదివించండి.