కొండ మీది వానకూ ఒక ప్రమాద సూచిక కావాలి

వాయుగుండం పట్టిందంటే చాలు, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని వింటాం. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని చెబుతారు. తీరం గ్రామాల్లో చాటింపు వేస్తారు, తుఫాను షెల్టర్లు తెరుస్తారు. ఇది మంచి పని. దీనివల్ల తీరంలో ఎన్నో ప్రాణాలు నిలిచాయి. మేము అడగదలచుకున్నది ఒక్కటే. అదే తుఫాను తీరం దాటి కొండ ఎక్కాక, కొండ మీద ఉన్నవాళ్ళకు ఏ సూచిక ఎగురవేస్తున్నారు?

మన ఉత్తరాంధ్రలో సముద్రానికీ తూర్పు కనుమలకూ మధ్య ఉన్నది సన్నని నేల. మందస వైపు వెళితే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క 1,501 మీటర్ల మహేంద్రగిరి. సముద్రం మీది నుంచి తేమతో వచ్చే గాలి ఈ కొండలకు తగిలి పైకి లేస్తుంది. పైకి పోయిన కొద్దీ చల్లబడుతుంది. చల్లబడిన గాలి ఆ తేమను మోయలేక వానగా దించేస్తుంది. అందుకే కింద పల్లంలో ముసురు పట్టిన రోజున, పైన కొండ మీద కుండపోత కురవవచ్చు.

ఒక్క రోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే దానిని వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షం అంటుంది. ఈ అంకె చిన్నదిగా కనిపిస్తుంది. లెక్క కట్టి చూద్దాం. ఎకరా నేల మీద 200 మిల్లీమీటర్ల వాన పడితే అది సుమారు 8 లక్షల లీటర్ల నీరు. పది వేల లీటర్ల ట్యాంకర్లు 80 అన్నమాట! ఒక కొండవాలులో ఎన్ని వందల ఎకరాలు ఉంటాయో, ఆ నీరంతా ఒక్క గెడ్డలోకి దిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

గోదావరికి వరద వస్తే భద్రాచలం దగ్గర నీటిమట్టం చూసి కింద లంక గ్రామాలవాళ్ళు సర్దుకునే వ్యవధి ఉంటుంది. మన నాగావళి, వంశధారలకు అంత వ్యవధి లేదు. రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, చెరొక 250 కిలోమీటర్ల పైచిలుకు నడిచి సముద్రంలో కలుస్తాయి. వాటిలో కలిసే గెడ్డలైతే గంటల్లోనే పొంగుతాయి. 2017 జూలైలో రాయగడ ప్రాంతంలో కురిసిన వానకు తేరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. ఆ వాన శ్రీకాకుళంలో కురవలేదు. కానీ నాగావళి వరద శ్రీకాకుళం దాకా వచ్చింది. మన నెత్తిన ఎండ కాస్తున్నా మన కాళ్ళ కిందికి వరద రావచ్చని దీని అర్థం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన సంగతి మనందరికీ తెలుసు. కానీ ఒడిశాలో ఆ తుఫాను ఎక్కువ ప్రాణాలు తీసింది సముద్రపు ఒడ్డున కాదు, లోపలి గజపతి జిల్లా కొండల్లో. అక్కడ బారఘర అనే గ్రామం దగ్గర, వానకు కొండ గుహలో తలదాచుకున్న గిరిజనుల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా మరణించారు. తీరంలో ఉన్నవారికి షెల్టర్ ఉంది. కొండ మీద ఉన్నవారికి గుహే షెల్టర్ అయింది. ఇది ఒడిశా సంగతి కదా అని ఊరుకోవడానికి లేదు. 2024 సెప్టెంబరులో మన అల్లూరి సీతారామరాజు జిల్లా చట్రపల్లిలోనూ కొండచరియ ఇళ్ళ మీద పడింది.

మిత్రులారా! దీనికి మందు లేదా అంటే ఉంది. అది కోట్ల రూపాయల పని కూడా కాదు. కేరళలోని వయనాడ్‌లో హ్యూమ్ సెంటర్ అనే సంస్థ రైతుల, స్థానికుల సాయంతో జిల్లా అంతటా వానమాపకాలు పెట్టి రోజూ లెక్క తీస్తోంది. 2020లో ఆ లెక్కను బట్టి హెచ్చరిస్తే ముండక్కై వద్ద కుటుంబాలను ముందే తరలించారు. తర్వాత కొండ జారినా ప్రాణనష్టం తప్పింది. 2024 జూలై 30 అర్ధరాత్రి దాటాక అదే ముండక్కై, పక్కనున్న చూరల్‌మల మట్టిలో కూరుకుపోయి వందలమంది మరణించారు. అంతకు ముందురోజు ఉదయమే ఆ సంస్థ హెచ్చరించింది. ఈసారి ఊరు ఖాళీ కాలేదు. లెక్క ఒక్కటే చాలదు, ఆ లెక్క విని కదిలేవారు కూడా ఉండాలని ఈ రెండు సంఘటనలు చెబుతున్నాయి.

మన దగ్గర వాన లెక్క మండలం పేరుతో చెబుతారు. మైదానంలో దానితో పని జరుగుతుంది. కొండల్లో ఒకే మండలంలో ఒక లోయ వేరు, ఒక శిఖరం వేరు. కానీ ఆ కొండల్లో ప్రతి మూలా ఒక ఆశ్రమ పాఠశాలో, ఒక హాస్టలో ఉంది. అక్కడ చదువుకునే పిల్లలు ఉన్నారు. ఒక్కొక్క చోట ఒక వానమాపకం పెట్టి, ఉదయం 8.30 గంటలకు కొలిచి రాయడం ఎనిమిదో తరగతి విద్యార్థి చెయ్యగలిగిన పని. జడివాన నాడు మూడు గంటలకొకసారి కొలిచి ఫోనులో చెప్పవచ్చు. ఎంత వానకు ఏ గూడ ఖాళీ చెయ్యాలో శాస్త్రజ్ఞులు తేల్చి ముందే గోడ మీద రాయించాలి.

చెప్పే మాట ఏ భాషలో చెబుతున్నామన్నది కూడా ముఖ్యం. వందేళ్ళకు పూర్వమే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. చదువుకు అవసరమైన భాష ప్రాణానికి అవసరం కాదా? వరద హెచ్చరిక సవరలో, కువిలో కూడా వినిపించాలి. ఆ భాషలు మాట్లాడేవాళ్ళు హాస్టళ్ళలోనే ఉన్నారు.

కొండవాళ్ళను మైదానానికి దించేస్తే పీడ వదులుతుంది కదా అని కొందరు పెద్దలు అంటారు. మేము ఒప్పుకోము. వాళ్ళ పొలం, అడవి, దేవత అన్నీ అక్కడే ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఆ నేల మీద వాళ్ళకు హక్కు ఇచ్చింది. వాళ్ళకు కావలసింది ఊరు విడిచిపోవడం కాదు, ఏడాదికి రెండు మూడు రాత్రులు తలదాచుకునే గట్టి కప్పు. పైగా దించితే ఎక్కడికి దించుతారు? పేదల ఇళ్ళ స్థలాలు చాలా చోట్ల గెడ్డ పక్కనో, చెరువు పల్లంలోనో ఉంటాయి. కొండచరియ కింద నుంచి తీసి వరదలో పెట్టినట్టు అవుతుంది.

మాలో కొందరి ఊళ్ళు వంశధార ఒడ్డున ఉన్నాయి, కొందరివి సీతంపేట కొండల మీద. చాలా ఇళ్ళలో డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటివాళ్ళం మేమే. ఊళ్ళో కాగితం వస్తే చదివిపెట్టమని మా దగ్గరికే తెస్తారు. ఆకాశాన్ని కూడా చదివిపెట్టే బాధ్యత మనదే అనుకుందాం. రాబోయే వానాకాలం లోపల ప్రతి హాస్టల్‌కూ, ప్రతి ఆశ్రమ పాఠశాలకూ ఒక వానమాపకం, ఒక రిజిస్టరు, రాత్రి వేళ కూడా ఎత్తే ఒక ఫోను నంబరు ఇవ్వాలని ఈ వార్షికోత్సవం సందర్భంగా అధికారులను కోరుతున్నాం. కొలవడానికి మేము సిద్ధం. వినడానికి వారు సిద్ధమైతే చాలు.