తప్పుల లెక్క

అమెరికా ఆసుపత్రులలో వైద్యుల పొరపాటులవలన ఏటేట రెండున్నర లక్షలమంది మరణించుచున్నారనియు, కావున ఇంగ్లీషు వైద్యముకన్న దేశీయవైద్యమే శ్రేయస్కరమనియు వాదించువారు మనలో పెక్కండ్రు గలరు. మొదటి మాటనుండి రెండవ మాట ఎట్లు పుట్టినదో మాకు బోధపడుట లేదు.

ముందు లెక్కను చూతము. 1999లో ఆ దేశపు వైద్యవిజ్ఞానసంస్థ ప్రకటించిన నివేదిక ఇట్టి మరణములు 44,000 మొదలు 98,000 వరకు నుండునని యంచనా వేసెను. 2016లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారిరువురు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ సంఖ్యను రెండున్నర లక్షలకు పైకి చేర్చిరి. వారు క్రొత్తగా రోగుల నెవరిని పరీక్షింపలేదు. పూర్వపు పరిశోధనలు కొన్నింటినుండి సగటు తీసి దేశమంతటికి హెచ్చవేసిరి. అదియే నిజమగునేని అచటి ఆసుపత్రి మరణములలో సుమారు మూడవవంతు పొరపాటులవలననే కలుగుచున్నవని ఒప్పుకొనవలసివచ్చును! 2020లో యేల్ పరిశోధకులు తేల్చిన సంఖ్య 22,000 ప్రాంతమున నున్నది. ఇదియు స్వల్పము కాదు. కాని పదిరెట్లు తేడాగల సంఖ్యలలో పెద్దదానినే యేరి చాటుట న్యాయమా?

ఇంతకును ఈ లెక్కలు కట్టినవారెవరు? ఆ వైద్యమునకు చెందినవారే. తప్పులను లెక్కింపని వైద్యమున తప్పులు కనబడకుండుటలో వింత యేమున్నది?

మన ఓషధులు పరీక్షకు వెఱవనక్కరలేదు. సర్పగంధి రక్తపుపోటును తగ్గించునని 1931లో గణనాథసేను, కార్తికచంద్రబోసు ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు రోగులయందు దానిని పరీక్షించి ఆంగ్ల హృద్రోగపత్రికలో ఫలితములు వెల్లడించినపిమ్మట పాశ్చాత్యులును దానిని చేపట్టిరి. దాని గుణముతోపాటు దోషములును లోకమునకు తెలిసినవి.

2021లో కోవిడు విజృంభించినవేళ నెల్లూరు జిల్లా కృష్ణపట్నమునకు మందుకై వేలకొలది జనులు పరుగెత్తిరి. ప్రభుత్వము పంపిణీ నాపి, పరిశీలన జరిపించి, మే 31వ తేదీన కంటిచుక్కలు దప్ప తక్కినవానిలో కొన్నింటి కనుమతి నొసగెను. హాని కానరాలేదనియే గాని, రోగము కుదురునని నిర్ధారణ కాలేదు. జనులు మాత్రము ఆ యనుమతినే ప్రమాణపత్రముగ గ్రహించిరి.

వైద్యశాలలకు భూములు, విరాళములు నొసగు మహాశయులు మనలో గలరు. ఎందరు వచ్చిరి, ఎందరికి నయమయ్యెను, ఎందరికి వికటించెను, ఎందరు మృతిచెందిరి అను నాలుగు లెక్కలు వ్రాసిన పుస్తకమును ఏటేట చూపుడని వారు పట్టుపట్టవలయును. అది ఆయుర్వేదశాల కానిండు, పట్టణములోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రి కానిండు.