బరువు బుల్లెట్‌కు నిదానపు మందు

మందు అనగానే మనకు డాక్టరు గుర్తొస్తాడు. కొందరికి ఇంకేదో గుర్తొస్తుంది, ఆ సంగతి వదిలేద్దాం. ఈ వారం చెప్పుకునేది తుపాకీ మందు గురించి.

డాలస్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు ఫోన్లో చెప్పిన ముచ్చట ఇది. వాడి పక్కింటాయన రిటైరైన పెద్దమనిషి. ఏటా చలికాలం ముందు కొలరాడో కొండల్లోకి ఎల్క్ వేటకు వెళ్తాడు. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్నలాంటి జింక, మగది మూడు క్వింటాళ్లు తూగుతుంది. దానికి కావలసిన తూటాలు ఆయన కొనడు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, గ్యారేజీలో కూర్చుని మళ్లీ నింపుకుంటాడు. అక్కడ అది చట్టం ఒప్పుకునే కాలక్షేపమే. (మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో వేట సరదాకు తెరపడింది.)

మావాడిని ఆకట్టుకున్న విషయం వేరే. అలమరాలో అరడజను మందు డబ్బాలున్నా, బల్ల మీద ఎప్పుడూ ఒక్కటే ఉంటుందట. రెండోది కనిపిస్తే ఆయన పని మొదలెట్టడు. ఎందుకలాగ?

పొయ్యి వెలిగించిన వాళ్లకు దీని జవాబు సగం తెలుసు. చితుకులు భగ్గున మండి ఆరిపోతాయి. మొద్దు నింపాదిగా కాలుతుంది. తుపాకీ మందులోనూ అంతే. 1884లో పాల్ వియేల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పొగ పెద్దగా రాని మందు కనిపెట్టాక, పలుకుల సైజు, ఆకారం, పైపూత మార్చి దాని వేగాన్ని అదుపు చేయడం నేర్చుకున్నారు. నిదానం అంటే మరీ నిదానమేం కాదు లెండి, అంతా సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది!

తేలిక బుల్లెట్ చటుక్కున కదులుతుంది. బరువుది మొరాయిస్తుంది. 1906 నాటి థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్‌లో 150 గ్రెయిన్ల బుల్లెట్ వాడొచ్చు, 220 గ్రెయిన్లదీ వాడొచ్చు. (మన కంసాలి గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్లు.) బరువు బుల్లెట్ వెనక చితుకుల్లాంటి మందు పోస్తే, అది కదిలేలోపే గ్యాసంతా పుట్టేస్తుంది. ఆ రైఫిల్‌కు హద్దు చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల ఒత్తిడి. మన ప్రెషర్ కుక్కర్‌లో ఉండేది 15 పౌండ్లు. అంటే 4,000 రెట్లు! హద్దు దాటితే పగిలే ఇనుము చెంపకు ఆనించిన చోటే ఉంటుంది. అదే నిదానపు మందైతే బుల్లెట్ గొట్టంలో సాగుతున్నంతసేపూ వెనకనుంచి నెడుతూ వస్తుంది. పైగా పొడవాటి బుల్లెట్ మందుకు ఉండాల్సిన చోటు కొంత ఆక్రమిస్తుంది. కాబట్టి తేలికదానికి పోసిన కొలత దీనికి పనికిరాదు.

ఇలాంటి నిదానపు మందు అమెరికా వేటగాళ్లకు దొరికిన కథ భలేగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మందు గుట్టలుగా మిగిలిపోయింది. కాన్సాస్ వాసి బ్రూస్ హాడ్జ్‌డన్ అప్పు చేసి మరీ దాన్ని కొని, వేటగాళ్లకు చౌకగా అమ్మాడు. అందులో 4831 అనే రకం 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసింది. పెద్ద తూటాల్లో బరువు బుల్లెట్లకు అతికినట్టు సరిపోయింది. తర్వాత ఐఎంఆర్ బ్రాండ్ కూడా అదే నంబరుతో మందు తెచ్చింది. తంటా ఇక్కడే. ఐఎంఆర్ 4831 కాస్త వేగంగా కాలుతుంది. నంబరు ఒకటే కదా అని ఒకదాని కొలత రెండోదానికి వాడితే ప్రమాదం. అందుకే తయారీదారులు ప్రతి మందుకూ, ప్రతి బుల్లెట్ బరువుకూ విడివిడిగా పట్టికలు అచ్చేస్తారు. పెద్దాయన అందులోని కనిష్ఠ కొలతతో మొదలెట్టి కొద్దికొద్దిగా పెంచుతాడట. ఆ పుస్తకం లేకుండా బల్ల దగ్గర కూర్చోడు.

ఎండ సంగతీ ఉంది. వేడెక్కిన మందు ఒత్తిడి పెంచుతుంది. అందుకే తెల్లదొరల కాలంలో ఇండియాలాంటి వేడి దేశాలకు పంపే పెద్ద రైఫిళ్ల తూటాల్లో కార్డైట్ మందు కొంచెం తగ్గించి నింపేవారు. మన మే నెల సంగతి లండన్ కంపెనీలకూ తెలిసిందన్నమాట!

పని అయ్యాక పెద్దాయన మిగిలిన మందును అదే డబ్బాలోకి వంచి, మూత బిగించి, అలమరాకు తాళం వేస్తాడట. మావాడి కోసం పెట్టిన కాఫీ అప్పటిదాకా చల్లారుతూనే ఉంటుంది.