డబ్బా వెనక్కి తిప్పి చదవండి

వంతెనలు వచ్చాక గడ్చిరోలి జిల్లాలోని మన సిరోంచ మీదుగా పోయే బళ్ల తీరే మారిపోయింది. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద, చెన్నూరు వైపు ప్రాణహిత మీద, పాతగూడెం దగ్గర ఇంద్రావతి మీద దారులు కలిశాయి. జగదల్‌పూర్ వెళ్లే తెలంగాణ నంబరు కార్లలో టర్బో పెట్రోలు బళ్లు కనిపిస్తున్నాయి. మన కుర్రాళ్లకూ అవే ముచ్చట. బండి మారింది గానీ, ఆయిలు మార్చేచోట మాట మాత్రం మారలేదు. "అన్నా, ఇది నీళ్లలెక్క ఉన్నది. మన ఎండలకు ఆగది. చిక్కటిది పోద్దాం." మెకానిక్ మన మంచి కోరే అంటాడు. కానీ ఈ కొత్త ఇంజిన్లకు ఆ సలహా చేటు చేస్తుంది.

ముందు ఎండ సంగతి. మే నెలలో చంద్రపూర్, బ్రహ్మపురి 46, 47 డిగ్రీలు చూస్తాయి, సిరోంచ కూడా ఏమంత తీసిపోదు. అయినా బండి నడుస్తున్నప్పుడు లోపలి ఆయిలు నూరు డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. దాన్ని అంతకుమించి కాగబెట్టేది బయటి ఎండ కన్నా మీరు తొక్కే తొక్కుడు, ఎక్కించిన బరువు. 5డబ్ల్యూ-30 అని ఉంటే చివరి 30 ఆ నూరు డిగ్రీల దగ్గరి చిక్కదనానికి గుర్తు. ముందున్న 5డబ్ల్యూ గడ్డకట్టే చలిలో ఆయిలు ఎలా కదులుతుందో చెబుతుంది. గోదావరి ఒడ్డున మైనస్ డిగ్రీలు ఎక్కడివి, మనకు దాంతో పనేమిటి అనిపిస్తుంది. పని ఉంది. ఎండాకాలం పగటిపూట 40 డిగ్రీల వేడిలో తాళం తిప్పినా, ఇంజిన్ లెక్కలో అది చల్లటి స్టార్టే. ఆ వేడి దగ్గర 5డబ్ల్యూ-30 ఆయిలు, నూరు డిగ్రీల దగ్గర ఉండేదానికంటే ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది. 20డబ్ల్యూ-50 అయితే దానికీ రెట్టింపు పైమాటే. ఇంజిన్ ఎక్కువగా అరిగేది స్టార్టయిన ఆ కాసేపట్లోనే. టర్బో ఇరుసు నిమిషానికి లక్షన్నర సార్లకు పైగా తిరిగేది సన్నటి ఆయిలు పొర మీదే. ఆ పొర అక్కడికి త్వరగా చేరాలి.

బలమైన బండికి చిక్కటి ఆయిలే కావాలనేమీ లేదు. నిస్సాన్ జీటీ-ఆర్‌ది 3.8 లీటర్ల ఇంజిన్, రెండు టర్బోలు. అంతటి బండికీ ఫ్యాక్టరీలో పోసి పంపింది 0డబ్ల్యూ-40 సింథటిక్. పాత బీఎండబ్ల్యూ ఎం3కి మాత్రం 10డబ్ల్యూ-60 పొయ్యమన్నారు. రెండూ పరుగు బళ్లే. బేరింగులో సందు ఎంత వదిలారు, పంపు ఎంత తోస్తుంది అన్నది ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో తీరు. ఆ లెక్క కట్టినవాళ్లు ఓనర్స్ మాన్యువల్‌లో ఏ గ్రేడు రాశారో అదే మనకు ప్రమాణం. ఎండలకు ఒక మెట్టు చిక్కటిది వాడొచ్చని మాన్యువలే చెబితే నిశ్చింతగా వాడుకోండి.

డబ్బా ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే 'ఫుల్లీ సింథటిక్'ను చూసి మురిసిపోవద్దు. రసాయనికంగా కట్టిన పీఏఓ ఆయిలుకీ, ముడిచమురునే గట్టిగా శుద్ధిచేసిన గ్రూప్-3 ఆయిలుకీ ఆ పేరే పెడుతున్నారు. దీని మీద అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ తగువు పడ్డాయి. 1999లో అక్కడి ప్రకటనల పంచాయతీ గ్రూప్-3కి కూడా ఆ పేరు చెల్లుతుందని తేల్చింది. గ్రూప్-3 చెడ్డదని కాదు, చాలా ఇంజిన్లకు అది బాగానే సరిపోతుంది. ఆయిలు ఏ పరీక్షలో నెగ్గిందో మాత్రం వెనకవైపు చిన్నక్షరాల్లోనే దొరుకుతుంది.

అక్కడ పెట్రోలు టర్బోవాళ్లు మొదట వెతకాల్సింది ఏపీఐ ఎస్‌పీ అన్న ప్రమాణం గుర్తు. ఎందుకో చూడండి. ఆలాపల్లి–ఆష్టి దారిలో ఖనిజం లారీ వెనక టాప్ గేరులో ఈడ్చుకుంటూ పోయి, సందు దొరగ్గానే ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కుతాం. చిన్న టర్బో ఇంజిన్‌లో అప్పుడు స్పార్కు పడకముందే లోపల మంట రేగవచ్చు. ఆ దెబ్బకు పిస్టన్ పగిలిన ఇంజిన్లున్నాయి. ఆయిలులో కలిపే కాల్షియం ఈ ముందస్తు మంటను పెంచుతుందని తేలాకే 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020 మేలో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. గేరు తగ్గించి తొక్కడం ఆయిలు కన్నా మేలైన కాపుదల. జర్మన్ బళ్లకు ఎస్‌పీ ఒక్కటే చాలదు, కంపెనీ ఇచ్చే సొంత ఆమోదం నంబరు కూడా డబ్బా మీద ఉండాలి.

డీజిల్ బండిలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు (డీపీఎఫ్) ఉంటే బూడిద తక్కువ వదిలే ఆయిలే పొయ్యాలి. మాన్యువల్‌లో ఏసీఈఏ సీ2, సీ3 అని కనిపించేవి ఆ జాతివే. సిరోంచ నుంచి అంకీసా దాకా పోయి రావడమే రోజువారీ తిరుగుడు అయితే, ఆ ఫిల్టరు తనలోని మసిని కాల్చుకునే పని సగంలో ఆగుతూ, డీజిల్ కిందికి దిగి ఆయిలులో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు తగ్గాల్సింది పోయి పెరిగిందంటే కారణం చాలాసార్లు ఇదే. వాసన చూడండి, డీజిల్ తెలుస్తుంది. గడువు కోసం ఆగకుండా మార్పించెయ్యండి.

దుమ్ముకు ఏ ఖరీదైన ఆయిలూ మందు కాదు. ఇసుక ఎయిర్ ఫిల్టరు దాటి లోపలికి పోతే సింథటిక్ అయినా సిలిండరు గోడల్ని కాపాడలేదు. ఎండ, దుమ్ము, రెండో గేరు నడక ఉన్నచోట కఠిన వాడకం కింద తక్కువ గడువు పాటించాలని చాలా మాన్యువళ్లలో వేరే పట్టిక ఉంటుంది. సిరోంచ బండికి ఆ పట్టికే వర్తిస్తుంది. హైదరాబాద్ షోరూములో చెప్పిన కిలోమీటర్లు ఇక్కడ లెక్కలోకి తీసుకోవద్దు.

గడ్చిరోలి పట్టణం ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. దారిలో మీ గ్రేడు దొరుకుతుందని నమ్మి బయల్దేరకండి. ఒక లీటరు డిక్కీలో పెట్టుకోండి. అదీ లేక, లెవెలు కింది గీత దిగువకు పోయిందనుకోండి, దగ్గర్లో దొరికిన వేరే కంపెనీ ఇంజిన్ ఆయిలైనా సరే, గ్రేడు దగ్గరగా ఉన్నది చూసి పొయ్యండి. ఈ ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలిసేలాగే తయారవుతాయి. తక్కువ ఆయిలుతో అడవి దాటించడం కంటే అది నూరుపాళ్లు నయం. ఊరు చేరాక మొత్తం దింపి, ఫిల్టరుతో సహా మార్పించండి.