ఆదివారం బండ్లు సరే... సోమవారం సంగతేమిటి?

ఈమధ్య చిన్న పట్టణాల్లో కూడా టీకొట్టు అనే మాట తగ్గి కెఫే అనే మాట పెరిగింది. అందులోనూ కొత్త మోజు మోటారు సైకిళ్ళ కెఫే. గోడమీద పాత బుల్లెట్ టాంకు, కూర్చోడానికి టైర్లు, దీపాలకు హెడ్‌లైట్లు, గల్లాపెట్టె పక్కన ఒక హెల్మెట్టు. కుర్రకారు బండ్లమీద రావాలి, కాఫీ తాగాలి, ఫొటోలు దిగాలి, వెళ్ళిపోవాలి. అనంతగిరి గుట్టల పక్కనున్న వికారాబాద్ హైదరాబాదుకు డెబ్బై, ఎనభై కిలోమీటర్లే కదా, అక్కడ ఇలాంటిదొకటి పెడితే తిరుగుండదని కుర్రవాళ్ళ ఆశ. ఆశపడటం తప్పు కాదు. కానీ ఆ ఆశకు పెట్టుబడి ఎవరి మెడలోంచి, ఎవరి చేతులనుంచి వస్తోంది? మన ఆడవాళ్ళం ఆలోచించవలసింది అక్కడే.

మా పెద్ద వదినగారిది, అంటే మావారి అక్కగారిది తాండూరు. వాళ్ళబ్బాయి డిగ్రీ చదివి, హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం చేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు వికారాబాద్‌లో బైకుల కెఫే పెడతానని పట్టు పట్టాడు. వదినగారు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నారు. “పిలగాడు నిలవనిస్తలేడు పిల్లా! నా గొలుసు, గాజులు బ్యాంకుల పెట్టి పది లక్షలు తెద్దమంటుండు. ఆదివారం నాడు వందల బండ్లొస్తయంట. నువ్వు పేపర్లు సదువుతవు, కథలు రాస్తవు. జర సమజయ్యేటట్టు చెప్పు.”

కథలు రాసుకునేదానికి వ్యాపారం ఏం తెలుస్తుందని మీరనవచ్చు. నెలకొచ్చే జీతాన్ని ముప్ఫై రోజులకు సర్దే ప్రతి ఇల్లాలికీ తెలిసిన లెక్కే ఇది. కాకపోతే మనల్ని ఎవరూ అడగరు. వదినగారు అడిగారు కాబట్టి కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

జనం వస్తున్న మాట నిజమే

అనంతగిరి అంటే ఒకప్పుడు అనంత పద్మనాభస్వామి గుడి, మూసీ నది పుట్టిన చోటు, నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి. ఇప్పుడు శని, ఆదివారాలు వస్తే చాలు, గుట్టల్లో తిరగడానికి, కోట్‌పల్లి ప్రాజెక్టులో తెడ్డు పడవలు నడపడానికి నగరం కదిలి వస్తోంది. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా అయింది. కలెక్టరేటు వచ్చింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. స్వదేశ్ దర్శన్ రెండో విడతలో అనంతగిరి పర్యాటకానికి కేంద్రం 38 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. చుట్టుపక్కల రిసార్టులు లేచాయి. కాబట్టి పిల్లవాడు గాలిలో మేడలు కడుతున్నాడని కొట్టిపారేయలేం.

అయితే జనం వచ్చినంత వేగంగా జాగ్రత్త రాలేదు. 2023 ఆగస్టులో అనంతగిరి అడవిలో కార్లు, బైకుల పందేలు సాగిన వీడియోలు బయటపడి పోలీసులు కేసు పెట్టవలసి వచ్చింది. 2025 జూలైలో సర్పన్‌పల్లి ప్రాజెక్టులో పడవ బోల్తా పడి విహారానికొచ్చిన ఇద్దరు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. ఊరికి పేరు రావడానికి ఏళ్ళు పడుతుంది, పోవడానికి ఒక్క ఆదివారం చాలు!

పుట్టింటి కథ

మోటారు సైకిళ్ళ కెఫే అనే ఊహకు పుట్టిల్లు లండన్. 1938లో నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన ఏస్ కెఫే అని ఒకటి వెలిసింది. చిత్రం ఏమిటంటే, దాన్ని బైకుల కుర్రాళ్ళ కోసం పెట్టలేదు. దారిన పోయే లారీ డ్రైవర్ల కోసం పెట్టారు. రాత్రింబగళ్ళు తెరిచి ఉండేది కాబట్టి కుర్రాళ్ళు కూడా చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడికి దెబ్బతింటే 1949లో మళ్ళీ కట్టారు. తర్వాతి పదిహేనేళ్ళూ తోలు కోట్ల కుర్రకారుకు అదే అడ్డా. అలాంటి కెఫేల పుణ్యమా అనే ఒక రకం బండ్లకు ‘కెఫే రేసర్’ అన్న పేరొచ్చింది. అంత పేరున్న హోటలూ 1969లో మూతపడింది. కొత్త రహదార్లు వచ్చి వాహనాలు అటు మళ్ళాయి. డబ్బు చేతిలో ఆడేసరికి జనం కార్లు కొనుక్కున్నారు. 2001లో పూర్తిగా మళ్ళీ తెరుచుకునే నాటికి అది పాత జ్ఞాపకాల చోటు.

మన దేశంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 2017లో గోవాలోని బాగా దగ్గర గరాజ్ కెఫే తెరిచింది. అక్కడ తిండితో పాటు బండ్లూ, బట్టలూ ఉంటాయి. కంపెనీకి అది హోటలూ అవుతుంది, ప్రకటనా అవుతుంది. కాఫీ అమ్ముడుపోకపోయినా బండి పేరు నలుగురి నోళ్ళలో నానుతుంది. మా వదినగారి గాజులకు ఆ సౌకర్యం లేదు కదా!

ఈ రెండు కథల్లోనూ నాకు కనబడిన నీతి ఒకటే. బండి మోజు జనాన్ని పిలుస్తుంది గానీ, హోటలును నిలబెట్టేది రోజూ వచ్చే జనం.

పెన్సిలు లెక్క

ఒక లెక్క వేసుకుందాం. ఇవి నేను ఊహించుకున్న అంకెలు, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. అద్దె నెలకు 25 వేలు. ముగ్గురు పనివాళ్ళకు 45 వేలు. కరెంటు, గ్యాసు 20 వేలు. పది లక్షల అప్పు ఐదేళ్ళలో 11 శాతం వడ్డీతో తీర్చాలంటే నెలకు సుమారు 22 వేలు. మొత్తం లక్షా 12 వేలు. ఒక్కరు రాకపోయినా ఈ ఖర్చు ఆగదు.

వంద రూపాయల బిల్లులో పాలు, పిండి, నూనె, కూరగాయలకు 40 రూపాయలు పోతుందనుకుంటే మిగిలేది 60. అంటే నెలకు లక్షా 87 వేల అమ్మకం ఉంటేనే కానీ ఖర్చులు గట్టెక్కవు. మనిషికి 150 రూపాయల బిల్లు అనుకున్నా 1,245 మంది రావాలి. కేవలం శని, ఆదివారాలే నమ్ముకుంటే ఆ ఎనిమిది రోజుల్లోనూ రోజుకు 156 మంది! అదే నెలంతా నడిస్తే రోజుకు 42 మంది చాలు. అప్పటికీ లాభం సున్నా, నష్టం సున్నా. వానాకాలం, చలికాలం బండ్లు బాగానే వస్తాయనుకుందాం. మార్చి నుంచి జూన్ దాకా తాండూరు బండలు పొయ్యిమీది పెనంలా కాలే ఎండలో హెల్మెట్టు పెట్టుకుని ఎవడొస్తాడు? అందుకే పిల్లవాడిని అడగవలసింది ‘ఆదివారం ఎంతమంది వస్తారు?’ అని కాదు, ‘మే నెల సోమవారం ఎవరొస్తారు?’ అని.

రోడ్డు మీద బతికే వ్యాపారం

లండన్ హోటలు రోడ్డు మారినందుకే చితికిపోయిందని చెప్పాను కదా. మన హైదరాబాద్–బీజాపూర్ జాతీయ రహదారి పరిస్థితి చూడండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణ, చేవెళ్ళ మర్రిచెట్ల విషయమై హరిత ట్రిబ్యునల్‌కు ఎక్కి ఏళ్ళ తరబడి నలిగింది. ఈలోగా 2025 నవంబరు 3న తాండూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ళ దగ్గర కంకర టిప్పరు ఢీకొని ఇరవై మంది దాకా చనిపోయారు. ఆ వార్త విన్ననాటి నుంచి ఈ దారిన ఎవరు బయల్దేరినా ఇంట్లో వాళ్ళకు గుండె దడే. మోటారు సైకిళ్ళ కెఫే పెట్టేవాడు కుర్రాళ్ళను పిలుస్తున్నది ఈ దారిమీదికే అని మరచిపోకూడదు. అక్కడ సీసా మూత తీయకూడదు. పందేల వీడియోలు గోడకు ఎక్కించకూడదు. హెల్మెట్టు పెట్టుకొచ్చినవాడికి టీ ఉచితం అని బోర్డు పెట్టినా నష్టం లేదు.

ఇంకొక చిన్న జాగ్రత్త. రోడ్డు పక్కన షెడ్డు అద్దెకు తీసుకునేముందు రేపు విస్తరణలో ఆ స్థలం పోతుందా, బైపాసు వస్తే జనం అటు మళ్ళుతారా అని రోడ్ల శాఖలో కనుక్కోవాలి. అద్దె కాగితం రాయించుకున్నాక కనుక్కుంటే ఏం లాభం?

మరి సోమవారం ఎవరు?

నాకు తోచిన జవాబు చెబుతాను. మనమే!

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆసుపత్రికీ, ఆఫీసుకూ, కాలేజీకీ, చుట్టాలింటికీ ఆడవాళ్ళు వెళ్ళడం పెరిగింది. బస్సు దిగాక ఒక అరగంట కూర్చోడానికి చోటేదీ? టీ బంకు దగ్గర మగవాళ్ళు నిలబడి తాగుతారు. మనం కొంగు సర్దుకుంటూ పక్కనుంచి నడిచి పోతాం. తాండూరులో అయినా వికారాబాద్‌లో అయినా ఒక ఆడమనిషి ఒంటరిగా కూర్చుని టీ తాగితే నలుగురూ తిరిగి చూస్తారు. శుభ్రమైన మరుగుదొడ్డి, మంచి వెలుతురు, మర్యాదగా మాట్లాడే మనిషి ఉంటే టీచరమ్మ వస్తుంది, నర్సు వస్తుంది, మెడికల్ కాలేజీ అమ్మాయిలు వస్తారు, కలెక్టరేటులో పనిమీద వచ్చిన సంఘం మహిళలు వస్తారు. నలభై రెండు మంది ఎంతసేపు?

బండికీ ఆడవాళ్ళకూ ఏం సంబంధమంటారా? పొద్దున్నే స్కూటీమీద బడికి వెళ్ళే టీచరమ్మది బండి కాదా? హైదరాబాదుకు చెందిన ఆర్కిటెక్టు జై భారతి 2018లో మరో ముగ్గురు మహిళలతో కలిసి మోటారు సైకిళ్ళమీద మెకాంగ్ నది దేశాలు తిరిగి వచ్చారు. దాదాపు 17 వేల కిలోమీటర్లు! ఆ నలుగురిలో ఒకరు తెలంగాణ పోలీసు శాఖ కానిస్టేబుల్. జై భారతి ఆ తర్వాత ‘మోవో’ అనే సంస్థ పెట్టి ఆడవాళ్ళకు బండి నేర్పిస్తున్నారు. కెఫే గోడమీద విదేశీ నటుల బొమ్మలు పెట్టే బదులు ఇలాంటి ఫొటోలు, అనుమతి తీసుకుని, పెట్టవచ్చు. ఖాళీగా ఉండే మధ్యాహ్నాల్లో ఎదుటి మైదానంలో ఆడపిల్లలకు స్కూటీ నేర్పించవచ్చు. నేర్చుకున్న పిల్ల తన స్నేహితురాళ్ళను తీసుకురాదూ?

తిండి విషయానికొస్తే బర్గర్లు నగరంలో వీధికొకటి దొరుకుతాయి. దానికోసం ఇంతదూరం రానక్కర్లేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కందిపప్పు, జొన్నరొట్టె, పచ్చికారం, సర్వపిండి, సీజన్‌లో అడవి సీతాఫలం... ఇవి నగరంవాళ్ళకు కొత్త, మనకు చౌక. బల్లలకు నాపరాళ్ళు తాండూరులోనే ఉన్నాయి.

అమ్మ చెయ్యి ఉచితమా?

జొన్నరొట్టె అనగానే ‘అమ్మ ఉంది కదా’ అంటాడు అబ్బాయి. రేపు పెళ్ళయితే ‘భార్య ఉంది కదా’ అంటాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. బంగారం అమ్మది, తెల్లవారుజామున లేచి పిండి కలిపేది అమ్మ, బోర్డుమీద పేరు మాత్రం అబ్బాయిది! ఇద్దరు ఆడవాళ్ళు జీతం లేకుండా పనిచేస్తే తప్ప లాభం రాని వ్యాపారం లాభం వచ్చే వ్యాపారం కాదు. వాళ్ళ జీతం ఖర్చులో రాసి, అప్పుడు చూడాలి. రాష్ట్రంలో 2024 నుంచి మహిళా సంఘాలు మహిళాశక్తి క్యాంటీన్లు నడుపుతున్నాయి. వంట వచ్చిన ఆడవాళ్ళు వ్యాపారమూ చేయగలరని ఎవరికీ కొత్తగా నిరూపించనక్కర్లేదు. అంచేత అమ్మ వంటమనిషిగా కాదు, భాగస్వామిగా ఉండాలి. కాగితంమీద!

సంతకానికి ముందు

వదినగారికి నేను రాసిచ్చిన చీటీ మీకూ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

బంగారం చివరి తలుపు, మొదటి తలుపు కాదు. ముద్రా పథకంలో పది లక్షల దాకా తాకట్టు లేకుండా రుణం అడగవచ్చు. బంగారంమీద అప్పు సాధారణంగా ఏడాదికిస్తారు. నిలదొక్కుకోడానికి రెండు, మూడేళ్ళు పట్టే హోటలుకు ఏడాది అప్పు తెస్తే, కట్టలేకపోయిన రోజున నగలు వేలానికి పోతాయి.

పాత బండి కొని గోడకెక్కించేముందు దాని కాగితాలు చూడాలి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. దొంగబండి అని తేలితే అలంకారం కాస్తా కేసవుతుంది. కంపెనీల గుర్తులు, పేర్లు అనుమతి లేకుండా బోర్డుమీద వాడకూడదు. ఆహార భద్రతా సంస్థ లైసెన్సు, మున్సిపాలిటీ అనుమతి పొయ్యి వెలిగించక ముందే ఉండాలి.

పది లక్షలూ ఒకేసారి పోయకూడదు. ముందు మూడు నెలలు చిన్న బండిమీద టీ, రొట్టె, పప్పు అమ్మి చూడాలి. ఆ మూడు నెలల్లో ఒకటి ఎండాకాలం నెలై ఉండాలి. రోజూ ఎంతమంది వచ్చారో, అందులో ఆడవాళ్ళెందరో పుస్తకంలో రాయాలి. సోమవారం పేజీ నిండిన తర్వాతే అప్పు సంగతి.

ఇదంతా పిల్లల ఉత్సాహంమీద నీళ్ళు చల్లడానికి కాదు. ఊళ్ళోనే ఉండి బతుకుతానన్న కొడుకు దొరకడం ఈ రోజుల్లో అదృష్టమే. కానీ గాజులు తీసిచ్చే చేతికి లెక్క అడిగే హక్కు కూడా ఉందని మన పిల్లలకు మనమే నేర్పాలి. అడగండి. జవాబు చెప్పగలిగిన పిల్లవాడైతే ఆ కెఫే నిలబడుతుంది. మొదటి సోమవారం వెళ్ళి, ముందు బల్ల దగ్గర దర్జాగా కూర్చుని టీ తాగి, డబ్బులిచ్చి మరీ రండి!