తెలిసినది అమలు చేయుచున్నామా?

రేపల్లె నుండియు, బాపట్ల నుండియు తెనాలికి రైలులో వచ్చు విద్యార్థులకు ప్రతి ఉదయము ఒక చిన్న పరీక్ష ఎదురగును. టిక్కెట్టు కొనవలెనని తెలియనివారు మనలో ఒక్కరును లేరు. అయినను కొనక ఎక్కువారు కలరు. చూచి వ్రాయుట తప్పని తెలిసియు వ్రాయువారును కలరు. తెలిసియు తప్పు చేయుట ఎట్లు సంభవించుచున్నది?

ఈ ప్రశ్న నేటిది కాదు. సద్గుణమే జ్ఞానమని గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసు వాదించెను. మేలు ఏదో నిజముగా ఎరిగినవాడు కీడు చేయడనియు, చేసినచో అతనికి ఇంకను తెలియలేదనియు ఆయన మతము. క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయస్థానము మరణశిక్ష విధించినప్పుడు, మిత్రులు చెరసాల నుండి తప్పింతుమన్నను అంగీకరింపక విషము త్రాగెను. ఆయన శిష్యుడు ప్లేటో. ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్. మంచి తెలిసియు కోరికకు లొంగువారున్నారని అరిస్టాటిల్ ఒప్పుకొనెను. న్యాయమైన పనులు పలుమారులు చేయుటచేతనే మనుష్యుడు న్యాయవంతుడగునని ఆయన బోధించెను.

ఈ విచారము మనకు పరాయిది కాదు. గ్రీకు గ్రంథములు బాగ్దాదులో అరబ్బీలోనికి వచ్చెను. 1030లో మరణించిన ఇబ్న్ మిస్కవైహ్ వాని సారమును గ్రహించి 'తహ్జీబుల్ అఖ్లాక్' అను నీతిగ్రంథము రచించెను. ఆ పేరుతోనే సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ఉర్దూ పత్రికను స్థాపించెను. తెనాలి ప్రాంతమువారైన జి.వి. కృష్ణరావుగారు ప్లేటో 'రిపబ్లిక్'ను తెలుగు చేసిరి.

ఉర్దూలో జ్ఞానమును 'ఇల్మ్' అనియు, ఆచరణను 'అమల్' అనియు అందురు. ఆ రెండవ మాటయే తెలుగులో 'అమలు' అయినది. చట్టములు అమలు కాలేదని ప్రభుత్వమును నిందించు మనము, మనకు తెలిసిన ధర్మమును మనయందు అమలు జరుపుట మరచుచున్నాము. విద్యార్థికి ముందుగా కావలసినది అరిస్టాటిల్ చెప్పిన అభ్యాసమని నా అభిప్రాయము. అయితే ప్రశ్నింపని అభ్యాసము గ్రుడ్డిది. కనుక సోక్రటీసును విడువరాదు.

కళాశాల కమిటీవారికి రెండు విన్నపములు. వారమునకొక గంట ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి కూర్చుండి ఒక్క నీతిప్రశ్నను చర్చించు ఏర్పాటు చేయుడు. ఏడాదికి ఒక్క త్రైమాసిక పరీక్షనైనను పర్యవేక్షకులు లేకుండ జరిపి చూడుడు. మొదటిసారి మాలో కొందరు తప్పిపోవచ్చును. కాని కావలివాడున్నంతకాలము మేము నేర్చుకొనునది భయమే గాని నిజాయితీ కాదు.

మిత్రులారా, కమిటీవారి నిర్ణయము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. రేపు ఉదయము స్టేషనులో టిక్కెట్టు కొని ప్రారంభింతము.